మన్ననూరు గేటు దాటాక

పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా వచ్చేవాళ్ళూ, నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా వచ్చేవాళ్ళూ, కల్వకుర్తి రోడ్డు పట్టినవాళ్ళూ చివరికి కలిసేది మన్ననూరు దగ్గరే. అక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు ఉంది. రాత్రి 9కి గేటు పడితే మళ్ళీ పొద్దున 6కే లేస్తుంది. గేటు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. ఆ అడవిలోనే వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట. ఆ తర్వాత కృష్ణ మీద వంతెన, లింగాలగట్టు, సున్నిపెంట, శ్రీశైలం. మన్ననూరు నుంచి మల్లన్న గుడికి 70 కిలోమీటర్లకు పైనే నడవాలి.

శివదీక్ష తీసుకుని శివరాత్రికి ఈ దారిన మొదటిసారి నడుద్దామనుకుంటున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాం. కాళ్ళు, నీళ్ళు, తిండి, వరుస. వీటి గురించే ఎక్కువ చెప్తాం. నడకలో మనసు దేవుడి మీద నిలవకపోతే కారణం చాలాసార్లు వీటిలోనే ఉంటుంది. తొడలు ఒరుసుకుని మండుతుంటే నోటికి పంచాక్షరి రాదు. వెనుకవాడు ఎక్కడున్నాడో తెలియకపోతే మనసు కుదురుగా ఉండదు.

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు చెప్తారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. నాలుగింట్లో రెండు పాత పాలమూరు జిల్లావే. అచ్చంపేట మీదుగా పోయేవాళ్ళు రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం కొండెక్కి, అక్కడ దండం పెట్టుకుని నడక మొదలుపెట్టడం మంచి పద్ధతి. ఒక పూట ఎక్కువ పడుతుంది. ఆ మెట్లూ ఎక్కుడూ చూస్తే ఎవరి మోకాళ్ళు ఎంతమాత్రమో గుంపుకు మొదటి రోజే తెలిసిపోతుంది. అడవిలోకి పోయాక తెలియడం కన్నా అది మేలు.

ఇక తయారీ. మండల దీక్ష 41 రోజులు, అర్ధమండలం 21. ఈ రోజులు పూజకు ఎంత అవసరమో అరికాళ్ళకూ అంతే అవసరం. చెప్పుల్లేకుండా నడవాలంటే చర్మం గట్టిపడాలి, దానికి వారాలు పడుతుంది. మొదటి వారం పొద్దున పూట మట్టి బాట మీద 2 కిలోమీటర్లు చాలు. రెండో వారం 4, 5. మూడో వారం నుంచి కొంత దూరం తారు మీద. బయలుదేరే ముందు వారంలో ఒక్కసారైనా బరువు మోస్తూ 15 కిలోమీటర్లు నడవాలి. దీక్ష తీసుకుని ఇంట్లో నాపరాళ్ళ మీద తిరిగినంత మాత్రాన అరికాళ్ళు తారుకు సిద్ధం కావు. రెండు రోజుల ముందు మాల వేసుకుని ఉత్తకాళ్ళతో బయలుదేరేవాళ్ళకు సాధారణంగా రెండో రోజే బొబ్బలు వస్తాయి.

గోళ్ళు మూడు నాలుగు రోజుల ముందే అడ్డంగా, సమంగా తీసుకోండి. మూలలు లోతుగా కోస్తే దిగుడు దారిలో బొటనవేలు వాచిపోతుంది. గంజి పెట్టిన కొత్త పంచె కట్టుకుని బయలుదేరొద్దు. రెండుసార్లు ఉతికి మెత్తబడ్డాకే కట్టాలి. తొడల మధ్య, చంకల్లో పొద్దున, మధ్యాహ్నం కొబ్బరినూనె రాయాలి. నడక మధ్యలో ఆపేవాళ్ళలో అరికాళ్ళు బొబ్బలెక్కినవాళ్ళే కాదు, తొడలు ఒరుసుకుపోయి అడుగు తీసి అడుగు వేయలేనివాళ్ళూ ఉంటారు. సిగ్గుపడి చెప్పరు, పుండయ్యాక చెప్తారు. గుంపులో పెద్దవాళ్ళు మొదటి రోజే అందరి ముందూ ఈ మాట ఎత్తితే సగం సిగ్గు పోతుంది.

షుగర్ ఉన్నవాళ్ళు ఉత్తకాళ్ళతో నడవొద్దు. ఇందులో మొహమాటానికి తావు లేదు. కాళ్ళకు స్పర్శ తగ్గి ఉంటే ముల్లు దిగినా తెలియదు, రాయి కోసినా తెలియదు, పుండు చీము పట్టాక తెలుస్తుంది. మెత్తటి బూట్లు, కాటన్ మేజోళ్ళు వేసుకుని నడిచినా మల్లన్న కాదనడు. ఒక్కపూట భిక్షతో ఉంటూ షుగర్ మాత్ర మామూలుగా వేసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమట, చేతుల వణుకు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంటకు తేరుకోకపోతే ఇంకోసారి ఇవ్వాలి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పోయకుండా బండెక్కించి ఆసుపత్రికి తీసుకుపోవాలి. మాత్రల మోతాదు ఎంత తగ్గించాలో బయలుదేరే ముందే డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం పక్క స్వామి దగ్గర కూడా ఒకటి ఉండాలి. అందరూ టీటీ సూది వేయించుకున్నారో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

వీపున మోసే బరువు 5 కిలోలు దాటొద్దు. వంట సామాను, బియ్యం ఆటోలో ముందే పోవాలి. ఇరుముడి తల మీద పెట్టుకునేవాళ్ళు తువ్వాలుతో చుట్టకుదురు చేసుకుని దాని మీద పెట్టుకుంటే మెడ పట్టదు.

ఇప్పుడు వరుస సంగతి. గుంపు పదిహేను, ఇరవై మందికి మించకపోతే మంచిది. అందరికన్నా మెల్లగా నడిచేవాళ్ళను ముందు పెట్టాలి. కుర్రాళ్ళు ముందు నడిస్తే గంటలో గుంపు కిలోమీటరు సాగుతుంది. ముందువాళ్ళు ఆగి కూర్చుంటారు, వెనుకవాళ్ళు వచ్చి చేరేసరికి వాళ్ళు లేచి నడక మొదలుపెడతారు. అంటే ఎవరికి విశ్రాంతి ఎక్కువ కావాలో వాళ్ళకే దొరకదు. మెల్లగా నడిచే పెద్దాయన ముందుంటే ఆయన అడుగే గుంపు అడుగు. గంటకు 4 కిలోమీటర్ల కన్నా ఎక్కువ పడదు, పడక్కర్లేదు కూడా. అందరికీ చివర అనుభవం ఉన్న స్వామి ఒకరు ఉండాలి. చేతిలో కర్ర, టార్చి, మందుల సంచి. ఆయన్ను దాటి ఎవరూ వెనుక పడకూడదు. మూత్రానికి ఆగినా ఆయనకు చెప్పే ఆగాలి.

ముందునుంచి "ఓం నమః శివాయ" అంటే వెనుకనుంచి "ఓం నమః శివాయ" రావాలి. ముందు "చేదుకో మల్లన్నా" అంటే వెనుక "చేదుకో" అనాలి. ఈ పిలుపు భక్తికే కాదు, గుంపు లెక్కకూ పనికొస్తుంది. వెనుక గొంతు పలచబడిందంటే వరుస సాగిందని అర్థం. ఒక వైపు నుంచే వస్తోందంటే మధ్యలో ఎవరో ఆగారు. అసలు రాకపోతే అక్కడే నిలబడాలి. మూలమలుపుల దగ్గర కళ్ళకు కనపడనిది చెవికి వినపడుతుంది. అలసిపోయినవాడికి నడుస్తూ ఒక్క మాట కూడా బయటికి రాదు కాబట్టి, ఎవరి పిలుపు ఆగిపోయిందో వాళ్ళ పక్కన ఇంకొకరు చేరాలి.

ఆ "చేదుకో" అనే మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. చేదడం అంటే బావిలోంచి తాడుతో నీళ్ళు పైకి లాగడం. ఈ మాట విలువ పాలమూరువాళ్ళకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. గిలక మీద తాడు జారుతుంటే, బొక్కెన అడుక్కు తగిలి బురద నీళ్ళే వస్తుంటే, ఆ నీళ్ళే తేర్చి వాడుకున్న ఊళ్ళు ఇవి. బావిలో పడ్డ బొక్కెన తనంత తాను పైకి రాదు. పైన తాడు పట్టుకున్న చెయ్యి ఉండాలి. "నన్ను చేదుకో" అని మల్లన్నను అడగడంలో ఉన్నది అదే. ఈ దారిలో ఆ తాడు పట్టుకునే చెయ్యి చాలాసార్లు పక్క స్వామిదే అవుతుంది.

రోడ్డుకు కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనపడేలా, ఒకరి వెనుక ఒకరు నడవాలి. ఇద్దరిద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ పోవడం వల్లనే ప్రమాదాలు. సంచులకు వెనుక రేడియం స్టిక్కర్ అంటించండి. ఇంకో ముఖ్యమైన సంగతి. పొద్దున 6కి గేటు లేవగానే రాత్రంతా ఆగిన బండ్లన్నీ ఒక్కసారిగా అడవిలోకి దూకుతాయి. డ్రైవర్లు నిద్ర కళ్ళతో ఉంటారు, గుడికి త్వరగా పోవాలన్న ఆత్రంలో ఉంటారు. ఆ మొదటి అరగంట గేటు దగ్గర నడక పెట్టుకోవద్దు. ఆ రద్దీ పోయాక బయలుదేరండి. అడవిలో పొద్దుగూకాక నడవనే వద్దు. చిరుత, ఎలుగుబంటి తిరిగే వేళ అది. దగ్గరి దారి ఉందని ఎవరు చెప్పినా రోడ్డు దిగొద్దు.

ఎండ ఎక్కువయ్యాక తారు మీద ఉత్తకాళ్ళు ఆనవు. పొద్దున 10 వరకు, సాయంత్రం 4 తర్వాత నడక. మధ్యలో నీడ. రోజుకు 20, 25 కిలోమీటర్లు చాలు. మొదటి రోజు ఉత్సాహంతో 35 నడిచినవాళ్ళకు మూడో రోజు కష్టమవుతుంది. మొదటి రోజు కండరాలు బిగుస్తాయి, రెండో రోజు ఆ నొప్పి తప్పించుకోవడానికి అడుగు వంకరగా పడుతుంది, ఆ వంకర అడుగు మూడో రోజుకు మోకాలును పడుతుంది.

దూప అయ్యేదాకా ఆగి నీళ్ళు తాగడం తప్పు. అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగుతూ ఉండాలి. మన్ననూరు దాటాక ఊళ్ళు దూరం కాబట్టి మనిషికి 2 లీటర్లు చేతిలో ఉండాలి. ఉత్త నీళ్ళే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు, తల బరువెక్కుతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఓఆర్‌ఎస్ ఒక ప్యాకెట్టును సరిగ్గా ఒక లీటరులో కలపాలి. సగం ప్యాకెట్టు సీసాలో పోసి ఊపితే అది మందు కాదు. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, కొట్టి సమం చేసింది. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీళ్ళు చాలడం లేదని అర్థం. ప్లాస్టిక్ సీసా కొని అడవిలో పారేయడం కన్నా స్టీలు సీసా ఒకటి మోసుకుపోవడం మేలు. ఇది పులుల అడవి, ప్లాస్టిక్ పారేస్తే జరిమానా ఉంది. అటవీశాఖ జంతువుల కోసం నింపే సాసర్ గుంతల్లో కాళ్ళు కడగడం, సబ్బు పెట్టడం మహా పాపం. ఎండాకాలం వాటికి అవే ఆధారం.

సద్దికి జొన్నరొట్టెను మించింది లేదు. బాగా ఎండేలా కాల్చిన రొట్టెలు మూడు రోజులు నిలుస్తాయి. దీక్షలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు కాబట్టి పల్లీలు, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పుతో దంచిన పొడి పెట్టుకోవాలి. వంట చేసుకునే గుంపులో నడిచే మనిషికి పూటకు 200 గ్రాముల బియ్యం వేసుకోవాలి, ఇరవై మందికి 4 కిలోలు. ఉప్మా అయితే మనిషికి 100 గ్రాముల రవ్వ. నడక రోజుల్లో కారం తగ్గించి మజ్జిగ పెంచండి.

దారిలో అన్నదాన శిబిరాలు పెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. బంతి (తినేవాళ్ళ వరుస) లేచేదాకా ఆగి, చోటు దొరికిన దగ్గర కూర్చోవాలి. మా స్వాములంతా ఒక్కచోటే కూర్చోవాలని పట్టుబట్టొద్దు. పక్కన ఎవరు కూర్చున్నారో ఆయన స్వామి, అంతే. మాల వేసుకున్న రోజునుంచి పేరుండదు, కులం ఉండదు, ఊళ్ళో ఉన్న హోదా ఉండదు. ఈ మాట వినడానికి తేలికే. నిజంగా అమలయ్యేది బంతిలోనే. ఒక బంతిలో తిన్న గుంపు తర్వాతి బంతికి వడ్డించి లేవాలి. గుత్తి గరిటె, నీళ్ళ జగ్గు అందుకుంటే చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. వడ్డించేటప్పుడు ముసలివాళ్ళకు పలచగా, తక్కువగా పెట్టి రెండోసారి అడగాలి. విస్తరిలో అన్నం వదిలేస్తే శిబిరం వాళ్ళు ఏమీ అనరు, కానీ మనసు నొచ్చుకుంటుంది.

సాయంత్రం బసకు చేరగానే మొదట చేయాల్సింది కాళ్ళు చూడటం. పూజకు ముందే. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు ఆరేలా తుడవాలి. ఆ తర్వాత ఒకరి కాళ్ళు ఇంకొకరు చూడాలి. మడమ వెనుక, బొటనవేలి కింద, చిటికెన వేలి పక్క మనకు మనం సరిగ్గా చూసుకోలేం. ఎదుటి స్వామి పాదం ఒళ్ళో పెట్టుకుని టార్చి వెలుగులో చూడాలి. ఎర్రబడి వేడిగా ఉన్న చోట రేపు బొబ్బ లేస్తుంది. అక్కడ ఈ రాత్రే టేపు అంటిస్తే రేపటి బొబ్బ ఆగుతుంది. చిన్న బొబ్బను ముట్టుకోవద్దు. పెద్దదై, బిగిసి, అడుగు వేయనివ్వకపోతే సబ్బుతో చేతులు కడుక్కుని, స్పిరిట్‌తో తుడిచిన కొత్త సూదితో బొబ్బ అంచున, కిందివైపు రెండు చోట్ల గుచ్చాలి. దూదితో కాదు, గాజు గుడ్డతో మెల్లగా అదమాలి. నీరు పోయాక పైతోలు అలాగే పరుచుకోనివ్వాలి. దాన్ని పీకితే కింద పచ్చి మాంసం బయటపడి రేపు మంట తట్టుకోలేరు. బెటడిన్ ఆయింట్‌మెంట్, పొడి గాజు గుడ్డ, టేపు. టూత్‌పేస్ట్, పసుపు, బీడీ బూడిద వద్దు. చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము కనపడినా, జ్వరం తగిలినా ఆ స్వామికి అక్కడితో నడక చాలు. బండిలో పంపాలి. నడక ఆపించడం కూడా సేవే అని ముందే అనుకుని ఉండాలి, లేకపోతే ఆ రాత్రి వాదన పెరుగుతుంది.

ఊళ్ళో ఒకరి కాళ్ళు పట్టుకున్నారంటే అప్పు కోసమో, తప్పు కాయమనో బతిమాలుకున్నారని. ఇక్కడ పట్టుకునేవాడికీ పాదం ఇచ్చేవాడికీ ఆ లెక్క ఉండదు. మొదటి రాత్రి చాలామంది కాలు వెనక్కి లాక్కుంటారు. పెద్దవాళ్ళు అయితే మరీ. "స్వామీ, పాదం ఇవ్వండి" అని రెండోసారి అడగాలి. మూడో రాత్రికి వాళ్ళే చాపుతారు, ఎదుటివాళ్ళ పాదం వాళ్ళే అడుగుతారు.

నల్లమల చెంచుల ఇల్లు. వాళ్ళ పెంటల (గూడేల) పక్కనుంచి నడుస్తున్నప్పుడు అతిథుల్లా నడవాలి. మల్లన్న వేటకొచ్చి చెంచు పిల్లను పెళ్ళాడాడని, అందుకే ఆయన తమ అల్లుడని, చెంచు మల్లయ్య అని వాళ్ళ నమ్మకం. అటు కన్నడ భక్తులు ఉగాదికి ఆత్మకూరు వైపునుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీమునికొలను మీదుగా వస్తారు. వాళ్ళకు భ్రమరాంబ ఆడపడుచు. ఆమెకు సారె తెస్తారు. ఒకరికి అల్లుడు, ఒకరికి ఆడపడుచు మొగుడు. చుట్టరికం కలుపుకుని పోయే గుడి ఇది. అలాంటి చోట చెంచు పిల్లలకు బిస్కెట్లు విసిరి ఫొటోలు తీసుకోవడం చూస్తే బాధనిపిస్తుంది. ఏదైనా ఇవ్వాలనుకుంటే ఆగి, పెద్దవాళ్ళతో మాట్లాడి, చేతికివ్వండి. చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతరలో లింగమయ్యకు పూజ చేసేది చెంచులే. శ్రీశైలం దాకా నడవలేనివాళ్ళు ఆ జాతరకు పోయి రావచ్చు, అదీ కష్టమైన దారే.

మాఘం దాటేసరికి అడవిలో ఆకు రాలి ఎండిపోయి ఉంటుంది. చెట్టు కింద రాయి పెట్టి కర్పూరం వెలిగించి, దండం పెట్టుకుని పోతే ఆ కర్పూరం ఆరిందో లేదో ఎవరూ చూడరు. గాలికి ఒక్క ఆకు అంటుకుంటే చాలు. హారతి పళ్ళెంలో, రోడ్డు మీద వెలిగించి, పూర్తిగా ఆరాకే కదలాలి. బీడీ కాల్చేవాళ్ళు ఎలాగూ దీక్షలో ఉండకూడదు. కోతులకు తిండి పెట్టొద్దు. పెడితే అవి రోడ్డుకు అలవాటు పడి బండ్ల కింద పడతాయి.

ఈగలపెంట దాటాక కృష్ణకు దిగుడు, వంతెన దాటాక మళ్ళీ ఎక్కుడు. మోకాళ్ళు ఎక్కడంలో కన్నా దిగడంలోనే ఎక్కువ దెబ్బతింటాయి. అడుగులు చిన్నవి వేయాలి, మోకాలు కొద్దిగా వంచే ఉంచాలి, కర్ర ముందు ఆనించి బరువు దాని మీద వేయాలి. గుడి దగ్గరపడిందని ఈ దిగుడులో పరుగెత్తేవాళ్ళుంటారు. మూడు రోజులు పదిలంగా వచ్చిన కాలు ఇక్కడ మెలిక పడుతుంది. నదిలో స్నానానికి దిగితే మోకాలి లోతు దాటొద్దు. అలసిన పిక్కలు చల్లటి నీళ్ళు తగలగానే పట్టేస్తాయి, ఈత వచ్చినవాళ్ళకు కూడా. మెట్ల మీద పాచి ఉంటుంది. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని దిగి, చెంబుతో పోసుకుని రావాలి.

సాక్షి గణపతి దగ్గర ఆగి గోత్రనామాలు చెప్పుకుంటారు. ఒక చేత కలం, ఒక చేత పుస్తకం పట్టుకుని, మనం వచ్చామని రాసుకునే దేవుడాయన. శివరాత్రి రద్దీలో దర్శనం ఏర్పాట్లు ఏ ఏటికి ఆ ఏడు మారుతుంటాయి, స్పర్శ దర్శనం ఉంటుందో లేదో కూడా దేవస్థానం ప్రకటన చూసుకునే బయలుదేరండి. క్యూలో గంటలు నిలబడితే పాదాలు వాస్తాయి కాబట్టి, క్యూలోకి పోయే ముందు ఒక గంట కాళ్ళు ఎత్తుమీద పెట్టుకుని పడుకోవాలి. శివరాత్రి రాత్రి ఉండగలిగితే పాగాలంకరణ చూడండి. దీపాలన్నీ ఆర్పేసిన చీకట్లో, ఏడాది పొడుగునా మూర చొప్పున నేసిన వస్త్రాన్ని నేతకారుడు గుడి శిఖరం నుంచి చుడతాడు.

తిరుగు ప్రయాణం బస్సులో. సొంత బండి అయితే దోమలపెంట గేటు పడకముందే దాటాలి. దర్శనం కాగానే గుంపు చెల్లాచెదురవుతుంది. ఒకరు బంధువులను కలవడానికి, ఒకరు ఫోన్ ఛార్జింగ్‌కు, ఒకరు ప్రసాదం కౌంటరుకు. జనంలో తప్పిపోయేది అడవిలో కాదు, ఇక్కడే. కలుసుకునే చోటు, వేళ క్యూలోకి పోకముందే అనుకోండి, ఫోన్లు పనిచేయకపోయినా పనికొచ్చేలా. నడకలో చివర నడిచిన స్వామి ఇక్కడ కూడా చివరే. బస్సు మెట్టు దగ్గర కర్ర పట్టుకుని నిలబడి, ఎక్కుతున్న తలలు లెక్కపెట్టి, లెక్క సరిపోయాకే ఆయన ఎక్కాలి.